గది నుంచి గ్యాలరీకి: దివాన్ దేవిడీ - సాలార్‌జంగ్ మ్యూజియం

చారిత్రక గృహం ప్రదర్శనశాలగా మారినప్పుడు వస్తువుతోపాటు గది కూడా ప్రదర్శితమవుతుంది. ఆసనం ఎవరికి ఎదురుగా ఉంది, అతిథి ఏ ద్వారం దాకా రాగలిగాడు, సేవకుడు ఎక్కడ నిలిచాడు అనే అంశాలు ఆ ఇంటి మర్యాదలకు, అంతరాలకు సాక్ష్యాలు. ఈ సాక్ష్యం ఎలా చెదిరిపోతుందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చరిత్ర ఉపకరిస్తుంది.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) నిజాం ప్రభుత్వంలో 1912 నుంచి 1914 వరకు దివానుగా పనిచేశారు. అవివాహితులైన ఆయనకు ప్రత్యక్ష వారసులు లేరు. ఆయన మరణానంతరం వివిధ భవనాల్లో ఉన్న కళావస్తువులను కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహకారంతో దివాన్ దేవిడీలో అమర్చారు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు. ఆ అమరికను కూడా యథాతథమైన గృహజీవితంగా భావించరాదు. అది ప్రదర్శన కోసం చేసినది. అయినా సందర్శకుడు సాలార్‌జంగుల ఇంట్లో నడుస్తూనే వారి వస్తువులను చూశాడు.

1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఈ మ్యూజియం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో సంగ్రహం మూసీ దక్షిణతీరంలోని నూతన భవనానికి తరలింది. విశాలమైన ప్రదర్శనకు, భద్రతకు, శాస్త్రీయ వర్గీకరణకు అవకాశం కలిగింది. వస్తువులు దేశాన్ని, పదార్థాన్ని బట్టి గ్యాలరీలకు చేరాయి. 'మేలిముసుగు రెబెక్కా' శిల్పి బెంజోనీ అనీ, దానిని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో సంపాదించారనీ సందర్శకుడికి తెలుస్తుంది. ఆ శిల్పం ఒక దివాను ఇంట్లో ఎవరి చూపు కోసం నిలిచిందన్న ప్రశ్నను మాత్రం ఈ వర్గీకరణ లేవనెత్తదు. తర్వాతి కాలంలో దేవిడీలో అధికభాగం కూల్చివేతకు గురై, ద్వారాల వంటి శేషాలే మిగలడంతో ఆ ప్రశ్నకు స్థలసాక్ష్యం కూడా కరువైంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ పురానీ హవేలీలో ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వస్త్రశాల నేటికీ అక్కడే ఉంది. రెండంతస్తుల కొయ్య బీరువాల నడుమ నడిచే సందర్శకుడికి రాజవైభవపు పరిమాణం అనుభవంలోకి వస్తుంది. అక్కడి కొయ్య లిఫ్టు చేతితో నడిచేదని తెలియగానే, దానిని నడిపిన సేవకుడు కూడా చరిత్రలోకి ప్రవేశిస్తాడు. ఒక్క బీరువాను వేరుచేసి గాజుపెట్టె పక్కన నిలిపితే ఈ శ్రమసంబంధం కనిపించదు.

కూలిన గదులను కృత్రిమంగా పునర్నిర్మించడం దీనికి పరిష్కారం కాదు. లభ్యమయ్యే ఛాయాచిత్రాలను, వస్తుపట్టికలను, దేవిడీ జీవితాన్ని ఎరిగిన కుటుంబాల మౌఖిక కథనాలను సేకరించి వస్తువుల పక్కనే నమోదు చేయడం సాధ్యమైన పని. సేకర్త అభిరుచికి దక్కిన స్థానం, ఆ అభిరుచిని మోసిన ఇంటికీ మనుషులకూ దక్కినప్పుడే ఈ సంగ్రహం హైదరాబాదు సామాజిక చరిత్రకు ఆకరమవుతుంది.