మత్తిగిరిలో ఇంటి కొనుగోలు: ముంపు పరిశీలన, బీమా రక్షణ

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున గల హోసూరు పీఠభూమిపై ఇల్లు కొనేవారికి వరద భయమెందుకన్న ప్రశ్న సహజమే. దక్షిణ పినాకిని మత్తిగిరిని ఒరుసుకొని పారదు. నందికొండలలో పుట్టిన ఆ నది హోసూరుకు ఈశాన్యంగా ఉన్న కెలవరపల్లి జలాశయం మీదుగా కృష్ణగిరి వైపు సాగిపోతుంది. కనుక మత్తిగిరి పరిసరాలలో ఇంటిని ముంచగలిగేది నది కాదు. చెరువు, దాని అలుగు, ఒక చెరువు నుంచి మరొక చెరువుకు నీటిని చేర్చే వంక. వాన లేని సంవత్సరాలలో వీటి ఉనికి కంటికి ఆనదు. అందువల్లనే వీటి మీద ఇళ్లు లేస్తాయి.

ఇందుకు తగిన ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. ఫెంగల్ తుఫాను 2024 నవంబరు 30న పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊత్తంగరైలో డిసెంబరు 2 ఉదయంతో ముగిసిన 24 గంటలలో 503 మిల్లీమీటర్ల వాన కురిసింది. జిల్లాలో ఏడాది పొడవునా పడే సగటు వానలో సగానికి పైబడినది ఒక్క దినంలోనే పడింది. చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లు, కార్లు నీటిలో కొట్టుకుపోయాయి. సరిహద్దుకు ఆవలనైతే 2022 సెప్టెంబరులో బెంగళూరు సర్జాపురం రోడ్డు వైపు కోట్ల రూపాయల విల్లాలు నీట మునిగాయి. అక్కడ కూడా పొంగినది నది కాదు, చెరువులూ వాటి కాలువలే.

పత్రాలలో నీటి జాడ

తమిళనాడులో స్థిరాస్తి కొనే తెలుగు కుటుంబాలు సాధారణంగా రిజిస్ట్రేషను దస్తావేజు, విల్లంగ చాన్రు (ఈసీ) చూసి తృప్తి పడతాయి. ఈసీలో అమ్మకాలు, తాకట్టులు తెలుస్తాయే గాని ఆ నేల పూర్వం ఏమిటన్నది తెలియదు. దానిని చెప్పేవి పట్టా, చిట్టా, ‘ఏ’ రిజిస్టరు, సర్వే నంబరుకు చెందిన ఎఫ్.ఎం.బి. నక్షా. గ్రామం పేరు, సర్వే నంబరు తెలిస్తే వీటి నకళ్లను రాష్ట్ర రెవెన్యూ శాఖ ఈ-సేవల ద్వారా పొందవచ్చును.

చిక్కు భాషతో వస్తుంది. ఈ పత్రాలు తమిళంలో ఉంటాయి. మాట్లాడటం వచ్చినవారందరికీ చదవడం రాదు. పైగా కొన్ని మాటలు తెలుగువారిని తప్పుదారి పట్టిస్తాయి. తమిళంలో ‘ఏరి’ అంటే ఏరు కాదు, చెరువు. ‘కుళం’ కొలను, ‘కుట్టై’ చిన్న కుంట, ‘ఓడై’ వంక, ‘వాయ్‌క్కాల్’ కాలువ, ‘కరై’ కట్ట, ‘మదగు’ తూము, ‘కలింగు’ అలుగు. ‘నీర్‌పిడిప్పు’ అన్న మాట కనిపిస్తే అది నీరు వచ్చి చేరే ప్రదేశమని గ్రహించాలి. వీటిలో ఏ మాటైనా ‘పొరంబోకు’తో కలిసి వస్తే ఆ నేల ప్రభుత్వానిది, దానిపై ఎన్ని దస్తావేజులు పుట్టినా కొనుగోలుదారునికి హక్కు రాదు. చెరువుల ఆక్రమణలను తొలగించేందుకు తమిళనాడులో 2007 నుంచి ప్రత్యేక చట్టమే అమలులో ఉన్నది.

అంతగా ఎవరూ పట్టించుకోని మాట మరొకటి ఉంది: ‘నంజై’, అనగా మాగాణి. నంజై భూమికి పట్టా ఉంటుంది, హక్కు ఉంటుంది, అనుమతి పొందిన లేఅవుటు కూడా కావచ్చును. అయితే చెరువు కింది మాగాణి అంటే తూము నీరు స్వతస్సిద్ధంగా పారి చేరే పల్లపు నేల. దానిపై నాలుగడుగుల మట్టి పోసి ప్లాట్లు వేసినంత మాత్రాన నీరు తన దారి మరువదు. ఎత్తు చేసిన ప్లాటును తప్పించుకొని పక్క ప్లాటుకు పోతుంది. ‘పుంజై’ (మెట్ట) నేలలో ఈ ప్రమాదం సామాన్యంగా తక్కువ. ఎఫ్.ఎం.బి. నక్షాలో పొలం నడుమ గాని, సరిహద్దు వెంబడి గాని కాలువ గీత ఉన్నదేమో చూసి, ఆ గీత నేడు నేలమీద ఏమయిందో వెతకడం అవసరం. గీత కాగితం మీద ఉండి, నేలమీద సిమెంటు రోడ్డు ఉంటే బేరం అక్కడే ఆపడం మేలు.

ఇంటి దగ్గర చూడవలసినవి

ఇంటిని వేసవిలో కాక, సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య ఒక గట్టి వాన వెలిసిన మరునాడు చూడాలి. ప్రహరీ గోడపై నీటి చార, తలుపు చట్రం అడుగున ఉబ్బిన కొయ్య, కొత్తగా ఎత్తు పెంచిన గడప గతాన్ని చెబుతాయి. ఇంటి పీఠం రోడ్డు కంటె ఎంత ఎత్తున ఉన్నదో కొలవాలి. రోడ్డు వేసినప్పుడల్లా దాని మట్టం పెరుగుతుంది గాని ఇల్లు పెరగదు. నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలు రోడ్డు మట్టానికి దిగువన ఉంటే కొద్దిపాటి ముంపుకే తాగునీరు చెడుతుంది. మధ్యవర్తిని అడిగే ప్రశ్నలు అదే వీధిలో పదేళ్లుగా బాడుగకు ఉన్నవారిని అడిగితే నిజం త్వరగా బయటపడుతుంది.

బీమా

భారత బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఏ సాధారణ బీమా సంస్థ వద్ద తీసుకున్నా దీని మూల షరతులు ఒక్కటే. అగ్ని, భూకంపం, తుఫానులతో పాటు వరద, ముంపు కూడా మూల రక్షణలోనే చేరి ఉంటాయి. పాలసీని పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చును. దీర్ఘకాల పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది.

బీమా చేసేది ఇంటి కట్టడానికి మాత్రమే, స్థలానికి కాదు. అరవై లక్షలకు ఇల్లు కొన్నవారు అరవై లక్షలకు బీమా కోరడం వృథా. కట్టడం వైశాల్యం వెయ్యి చదరపు అడుగులు, తిరిగి కట్టేందుకు చదరపు అడుగుకు రెండు వేల రూపాయలు అనుకుంటే బీమా మొత్తం ఇరవై లక్షలు. దానిలో 20 శాతం, అనగా నాలుగు లక్షల మేరకు ఇంటి సామగ్రికి తనంత తానే రక్షణ లభిస్తుంది. ఈ సదుపాయానికి పరిమితి పది లక్షలు. అంతకు మించి కావాలంటే వివరాలిచ్చి అదనపు ప్రీమియం చెల్లించాలి. నగలకు వేరుగా ఐచ్ఛిక రక్షణ ఉన్నది. వాహనాలు ఇందులో రావు. వాటికి సమగ్ర వాహన బీమా ఉండాలి, థర్డ్ పార్టీ పాలసీ వరదకు పనికిరాదు. రెండు శతాబ్దాల పశువుల ఫారం ఉన్న మత్తిగిరిలో పెరటి పాడి సామాన్యం కనుక, ఆవులకూ గేదెలకూ పశు బీమా వేరేనని గుర్తుంచుకోవాలి. గోడలలో నిదానంగా ఊరే చెమ్మకు పరిహారం రాదు.

గృహ రుణం తీసుకున్నవారిలో ఒక భ్రమ ఉన్నది. రుణంతో పాటు ఇచ్చే బీమా చాలా సందర్భాలలో రుణగ్రహీత ప్రాణానికి సంబంధించినది. ఇల్లు మునిగితే అది పైసా ఇవ్వదు. పాలసీ పత్రం మొదటి పుట చూస్తే తేడా తెలిసిపోతుంది. అమ్మినవారి పాత పాలసీపై ఆధారపడక, రిజిస్ట్రేషను నాటి నుంచే కొత్త యజమాని పేరిట పాలసీ ఉండాలి. ప్రతిపాదన పత్రంలో గత ముంపును గూర్చి అడిగితే దాచరాదు. దాచినది బయటపడితే పరిహారమే పోతుంది.

ప్రభుత్వ సాయం బీమాకు బదులు కాజాలదు. 2024 బుడమేరు వరదలలో విజయవాడలో నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది. ఫెంగల్ అనంతరం తమిళనాడు ప్రభుత్వం విళుప్పురం, కడలూరు, కళ్లకురిచ్చి జిల్లాల బాధిత కుటుంబాలకు ప్రకటించినది రెండు వేలు. వీటితో వంటగది సామాను కూడా తిరిగి రాదు.

బీమాకు సైతం ఒక హద్దున్నది. ఏరి పొరంబోకుపై కట్టిన ఇంటిని అధికారులు ఖాళీ చేయిస్తే, ఆ నష్టానికి ఏ గృహ బీమా వర్తించదు. కాబట్టి పత్రాల పరిశీలన ముందు, పాలసీ తరువాత.

నష్టం జరిగినప్పుడు బురద కడగక ముందే గోడపై నీటి మట్టంతో సహా ఫొటోలు తీసి, వెంటనే సంస్థకు తెలియజేయాలి. సర్వేయరు చూడక ముందు చెడిన సామాను పారవేయరాదు. 2024 నాటి నియంత్రణ సంస్థ ఉత్తర్వుల ప్రకారం సమాచారం అందిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి, 15 రోజులలో నివేదిక రావాలి, ఆపై 7 రోజులలో సంస్థ నిర్ణయం చెప్పాలి. నిర్ణయం అన్యాయమని తోస్తే మొదట ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ ఫలితం లేకపోతే చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించవచ్చును. యాభై లక్షల రూపాయల వరకు గల వివాదాలను అక్కడ రుసుము లేకుండా, వకీలు అవసరం లేకుండా విచారిస్తారు.