నాగలియు పట్టాయు

పచ్చికబయలున ఐదేండ్లు కాపురముండి సేద్యము చేసినవానికి 160 ఎకరములు సొంతమగునని 1862లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసెను. నార్వేనుండి వలసపోయిన పేదరైతులు మట్టిపెళ్లలతో ఇండ్లు గట్టుకొని, ఆ నేల దున్ని, సొంతభూమి గలవారైరి. ఆ నేలనుండి తొలగింపబడిన ఆదిమజాతుల గోడు మాత్రము వినబడలేదు.

మన ఆదిలాబాదు గోండుల చరిత్రయందు ఈ రెండు కథలును గలిసియున్నవి. అడవి నరికి పొలము చేసినవారు వారే, పోగొట్టుకొన్నవారును వారే. పై ప్రాంతములనుండి వచ్చినవారు కచేరీలో ఆ భూములను తమపేర వ్రాయించుకొనిరి. సర్కారు తక్కిన నేలను రక్షితారణ్యములో జేర్చెను. అచ్చట నాగలి హక్కు నిచ్చెను. ఇచ్చట నాగలియే నేరమయ్యెను. వారి పక్షమున నిలిచిన కొమరం భీము 1940లో జోడేఘాటున పోలీసు తుపాకులకు బలియైనపిమ్మటగాని నైజాము ప్రభుత్వము కన్ను దెరవలేదు.

అంతట హైమన్‌డార్ఫ్ పండితుడు గోండుల స్థితిగతులను విచారించెను. వేలకొలది కుటుంబములకు పట్టాలు దొరకెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము వెలసెను. గోండీ వాచకములు పుట్టెను. పట్టాతోపాటు పలక యేల యని కొంద రడుగవచ్చును. కాగితము చదువనేరకయే గదా వారు మునుపు భూమిని గోల్పోయిరి! గిరిజనుల భూమి యితరులకు బదిలీ కారాదని 1970లో శాసనము బిగించినను, దానిని చదివి నిలువదీయువాడు గూడెమున లేనిచో అది వట్టి కాగితమే. కావున భూదానము కంటె అక్షరదానము వెనుకబడరాదని మేము తలంతుము.