బోస్టన్ అగ్రపీఠంలో ఉమ్మడి విచారణలు

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ కతోలిక అగ్రపీఠం ఇరుగుపొరుగు విచారణలను (పారిష్‌లను) కూటములుగా చేర్చి, ఒక్కో కూటమిని ఒకే విచారణ గురువుకు అప్పగించే పద్ధతిని 2012 నవంబరులో ఆమోదించింది. 288 విచారణలను సుమారు 135 కూటములుగా మార్చాలన్నది లక్ష్యం.

ఇన్ని విచారణలు ఏర్పడడానికి మూలం వలసలు. ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కుటుంబాలు ఎవరి గుడి వారు కట్టుకున్నాయి. కూలి డబ్బు కూడబెట్టి కట్టుకున్న గుళ్లవి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆ కుటుంబాల పిల్లలు శివార్లకు తరలిపోయారు, గురువులయ్యేవారూ తగ్గారు. గురువులు పిల్లలపై జరిపిన లైంగిక అత్యాచారాలూ, పెద్దలు వాటిని కప్పిపుచ్చిన తీరూ 2002లో బయటపడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో అప్పటి అగ్రపీఠాధిపతి కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. మరుసటి ఏడాది అగ్రపీఠం బాధితులకు 8.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

కొత్త అగ్రపీఠాధిపతి షాన్ ఒమాలీ 2004 మే నెలలో, 357 విచారణల్లో 65 మూతపడతాయని ప్రకటించారు. పరిహారానికీ దీనికీ సంబంధం లేదని అగ్రపీఠం చెప్పినా చాలామంది నమ్మలేదు. నమ్మకం అప్పటికే పోయింది మరి. కొన్ని చోట్ల విశ్వాసులు గుడి వదలకుండా లోపలే ఉండిపోయారు. సిచువేట్ పట్టణంలోని పునీత ఫ్రాన్సెస్ జేవియర్ కబ్రీనీ విచారణవారు వంతులు వేసుకుని, రాత్రింబవళ్లు పదకొండేళ్లకు పైగా కాపలా కాశారు. వారి విన్నపాన్ని వాటికన్ తోసిపుచ్చింది. చివరికి అమెరికా సుప్రీంకోర్టు కూడా కేసు వినడానికి నిరాకరించడంతో 2016 మే 29న బయటికి వచ్చారు. వారిది మొండితనమని అనడం అన్యాయం. తల్లిదండ్రుల అంత్యక్రియలు, పిల్లల జ్ఞానస్నానాలు జరిగిన చోటు అది.

2012 పథకం ఈ గాయాన్ని ఎరిగి రూపొందింది. అందులో ఏ విచారణా రద్దు కాదు. పేరు, ఆస్తి, అప్పు, ఆర్థిక మండలి దేనికదే. గురువు, ఆయన సిబ్బంది, కార్యక్రమాల ప్రణాళిక మాత్రం ఉమ్మడి. ఒకే గురువు పలు గ్రామాలు తిరిగి పూజ చేయడం ఆంధ్ర, తెలంగాణ కతోలికులకు అలవాటే. అయితే ఇక్కడ ఆ గ్రామాలన్నీ ఒకే విచారణ కిందివి, బోస్టన్‌లో ప్రతిదీ తిరుసభ చట్టరీత్యా స్వతంత్ర విచారణ. పక్కపక్క విచారణలను గురువుల కొరత వంటి కారణాలతో ఒకరికే అప్పగించడానికి 1983 నాటి తిరుసభ చట్టంలోని 526వ నిబంధన వీలు కల్పిస్తుంది. విచారణను స్థాపించినా, రద్దుచేసినా, చెప్పుకోదగ్గ మార్పు చేసినా పీఠాధిపతి ముందుగా గురువుల మండలి అభిప్రాయం వినాలన్నది 515వ నిబంధన.

2013లో 28 విచారణలతో 12 కూటములు మొదలయ్యాయి. పాత విచారణ గురువులు తప్పుకుని చోటిచ్చారు. కొత్త బృందాలు శిక్షణ పొంది, స్థానికులతో కలిసి ప్రణాళిక రాసుకున్నాయి. ఆచరణలో బరువంతా గురువు మీదే పడింది. ఆస్తులు వేరు కాబట్టి లెక్కలూ వేరే, ఆర్థిక మండలి సమావేశాలూ వేరే. ఆదివారం ఒక గుడి నుంచి మరో గుడికి ప్రయాణం. పూజ వేళలు కుదించినప్పుడల్లా ఏదో ఒక ఊరివారు నొచ్చుకున్నారు. తరవాత కొన్ని కూటములు పూర్తిగా ఒక్కటైపోయాయి. లిన్‌ఫీల్డ్‌లోని రెండు విచారణలు ఏకమై ఆవే మరియా విచారణగా కొత్త పేరు పెట్టుకున్నాయి.