ఉక్కునగరంలో క్రిస్మస్ వృక్షం

డిసెంబరు మాసంలో క్రైస్తవ గృహాలలో వెలసే క్రిస్మస్ వృక్షం చలిదేశాలలో పుట్టినది. ఆదాము అవ్వల స్మరణదినమైన డిసెంబరు 24న జర్మను సీమలలో ప్రదర్శించే నాటకాలలో, ఏదెను వనానికి గుర్తుగా ఆపిల్ పండ్లు కట్టిన పచ్చని చెట్టును నిలిపేవారు. ఇంటిలోని వృక్షానికి ఇది ఒక మూలమని పండితుల అభిప్రాయం. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ వృత్తాంతం ఒకటి, గదులలో ఫిర్ చెట్లను నిలిపి రంగుకాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు వ్రేలాడదీసేవారని పేర్కొన్నది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలిచిన చిత్రం లండను పత్రికలో వెలువడిన పిమ్మట ఈ ఆచారం ఆంగ్లేయుల ఇళ్లలో విస్తరించింది.

ఫిర్, స్ప్రూస్ వృక్షాలు మన హిమాలయ సానువులలో పెరుగుతాయి గాని, వేసవిలో 40 డిగ్రీలు దాటే మైదానాలలో నిలువవు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్, 1868లో ఛత్తీస్‌గఢ్‌లో బిశ్రాంపూర్ కేంద్రాన్ని నెలకొల్పిన ఆస్కార్ లోర్, ఇద్దరూ జర్మనీలో జన్మించినవారే. అయితే వారు పనిచేసిన సీమలు రెండూ ఆ చెట్టుకు అనువైనవి కావు. కనుక ఇక్కడి క్రైస్తవులకు పండుగ ముందు అందింది. చెట్టును తామే వెదకుకొనవలసి వచ్చింది. కోస్తా ఆంధ్రలో సూదులవంటి పచ్చని పుల్లలు గల సరుగుడు కొమ్మ ఆ లోటు తీర్చింది.

1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాలు చేసుకొన్న ఒప్పందం ఫలితంగా, నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం అవతరించింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సెక్టార్లుగా తీర్చిన నివాసపురిలో తెలుగువారు, మలయాళీలు, ఛోటానాగపూర్ వాసులు, స్థానిక ఛత్తీస్‌గఢీలు ఇరుగుపొరుగులయ్యారు. సోవియట్ నిపుణులు సకుటుంబంగా వచ్చి నివసించారు.

ఆ నిపుణుల దేశంలో ఈ చెట్టుకు వేరొక చరిత్ర ఉన్నది. 1920ల చివర మతవ్యతిరేక ప్రచారంలో అది బహిష్కృతమైంది. 1935 డిసెంబరు 28న ప్రావ్దా పత్రికలో పోస్తిషెవ్ లేఖ వెలువడిన తరువాత, పిల్లల కోసం ‘యోల్కా’ అనే నూతన సంవత్సర వృక్షంగా తిరిగి వచ్చింది. శిఖరాన బేత్లెహేము తారకు బదులు ఎర్రని ఐదుకొనల నక్షత్రం నిలిచింది. ఈ విధంగా భిలాయిలో, ఒకే చెట్టును రెండు నక్షత్రాలతో ఎరిగిన కుటుంబాలు ఒకే కర్మాగారపు నీడన జీవించాయి. ఒకరికి అది రక్షకుని జన్మచిహ్నం. వేరొకరికి కొత్త ఏటి వేడుక. చెట్టుకు అర్థం ఇచ్చేది దానిని నిలిపిన ఇల్లేనని ఇందువలన బోధపడుతున్నది.

ఇటువంటి పట్టణంలో చెట్టును ఎన్నుకొనడంలోనూ జీవన స్థితి వ్యక్తమవుతుంది. నర్సరీలలో ‘క్రిస్మస్ చెట్టు’గా అమ్మే అరకేరియా పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ ద్వీపానికి చెందినది. అంతస్తులుగా, సమంగా విస్తరించే దాని కొమ్మలు దీపాలకు, గాజుబంతులకు అనుకూలం. వేసవిలో నీడపట్టున ఉంచి నీరు పోస్తే కుండీలోనే ఏళ్ల తరబడి పెరుగుతుంది. సంస్థ క్వార్టరులో నివసించే ఉద్యోగికి నేల తనది కాదు. బదిలీ గాని, పదవీ విరమణ గాని రాగానే ఇల్లు విడువవలసిందే. నేలలో నాటిన చెట్టు అక్కడే మిగిలిపోతుంది; కుండీలోని చెట్టు కుటుంబంతోపాటు బయలుదేరుతుంది. ప్లాస్టిక్ చెట్టు పెట్టెలో ఇమిడిపోతుంది గాని, పిల్లలతోపాటు ఎదగదు.

అలంకరణలోనూ స్వదేశపు చేయి కనిపిస్తుంది. మంచు ఎరుగని ఊరిలో దూది మంచు అవుతుంది. వెదురుబద్దలపై రంగుకాగితం అతికిన నక్షత్రం వాకిట వెలుగుతుంది. చెట్టు మొదట పశువులపాక బొమ్మలు కొలువుదీరుతాయి.

2000 నవంబరు 1న భిలాయి నూతన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది. అంతకు మునుపే, 1991లో సోవియట్ యూనియన్ అంతరించింది. ఆ ఏడాదే రష్యాలో జనవరి 7 నాటి క్రిస్మస్ మరల సెలవుదినమైంది. ప్రభుత్వాలు, సరిహద్దులు మారినా, పరాయి నేలలో తమ ఇంటిని తమదిగా చేసుకొనాలన్న మానవుని ఆకాంక్ష మారలేదు. కుండీలోని ఆ చిన్న వృక్షం అందుకు సాక్షి.