హబ్సిగూడ నుంచి మన ఆపరేషన్ థియేటర్ దాకా

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు బీపీ, షుగరు, ఎలర్జీల సంగతి అడిగాక తెలుగునాట ఇంకో ప్రశ్న కూడా వేస్తుంటారు: "మీరు ఆర్యవైశ్యులా అండీ?" సంగం నుంచి నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళిన కుటుంబానికి ఇది వింతగా తోచవచ్చు. కులం అడిగారని నొచ్చుకోనక్కర్లేదు. ఆ ప్రశ్న రోగి ఊపిరికి సంబంధించినది.

గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్ కోలిన్ ఇస్తారు. థియేటర్‌లో దాన్ని స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును కొద్ది నిమిషాల్లోనే విరగ్గొడుతుంది, రోగి మళ్ళీ సొంతంగా ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైమ్ పనిచేయని వాళ్ళకు అదే మోతాదు గంటల తరబడి దిగదు. కుట్లు వేయడం పూర్తయినా ఛాతీ కదలదు, చెయ్యి లేవదు. మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే.

ఈ లోపం వైశ్యుల్లో మిగతా వాళ్ళకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. దాని వెనకున్న జన్యుమార్పును 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది, అంతే. మరి ఒక్క సముదాయంలోనే అది ఎందుకింత పేరుకుపోయింది? ఇక్కడే హైదరాబాద్ సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) కథ మొదలవుతుంది.

2027 ఏప్రిల్ 1కి ఆ సంస్థకు యాభై ఏళ్ళు నిండుతాయి. తార్నాకలోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో ఒక బయోకెమిస్ట్రీ విభాగంగా ఉన్నదాన్ని పుష్ప మిత్ర భార్గవ పట్టుదలతో 1977లో వేరే కేంద్రంగా నిలబెట్టారు. హబ్సిగూడలోని సొంత ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. తర్వాత లాల్జీ సింగ్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌తో ఈ ల్యాబ్ పేరును కోర్టు గదుల దాకా తీసుకెళ్ళారు. అయితే సామాన్యుడికి అంతకంటే దగ్గరి పని మన జనాభా జన్యువులను చదవడమే.

కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో వైశ్యుల ప్రస్తావన ఉంది. రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగిన సముదాయం అది, ఆ తర్వాత బయటి నుంచి కలిసినవాళ్ళు దాదాపు లేరు. 2017 నాటికి ఇలాంటి బలమైన మూలపురుష ప్రభావం ఉన్న దక్షిణాసియా సముదాయాలు 81 లెక్క తేలాయి.

దీని అర్థం మన ఇళ్ళలో గట్టిగా చెప్పుకోవాలి. మేనరికం మానేశాం, గోత్రాలు వేరు, ఇక భయం లేదనుకుంటాం. కానీ ఏ బంధుత్వమూ లేని వధూవరులిద్దరికీ పాతకాలపు ఒకే పూర్వీకుడి నుంచి అదే లోపం వచ్చి ఉండవచ్చు. బిడ్డకు రెండు వైపుల నుంచీ అందితేనే అది పూర్తిగా బయటపడుతుంది.

గుండె విషయంలోనూ ఇలాంటి ఆధారమే దొరికింది. గుండె కండరపు ప్రోటీన్‌కు చెందిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియాలో నూటికి నలుగురిలో ఉంటుందని, నడివయసులో గుండె కండరాన్ని దెబ్బతీయగలదని 2009లో తేలింది. ఆ పరిశోధనలో సీసీఎంబీతో పాటు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయమూ ఉంది.

సంగం ఆనకట్ట కింద వరి పండించేవాళ్ళకు ఈ ల్యాబ్ మరో దారిలో తెలిసే ఉంటుంది. బాపట్ల బీపీటీ 5204లోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఎక్కించి, వరి పరిశోధన సంస్థతో కలిసి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి వీళ్ళదే. దాని గ్లైసిమిక్ ఇండెక్స్ 51 దగ్గరే ఉండటం షుగరు ఉన్నవాళ్ళకు మంచి కబురు.

స్కోలిన్ సంగతికొస్తే, ఎంజైమ్ స్థాయి రక్తపరీక్షలో తెలుస్తుంది. లోపం ఉందంటే రోక్యురోనియం వంటి మరో మందు వాడతారు. ఇంట్లో ఒకరికి మత్తు ఆలస్యంగా దిగి ఉంటే, ఆ డిశ్చార్జ్ కాగితం జాగ్రత్తపెట్టి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఆపరేషన్ అన్నప్పుడు ముందుగా మత్తు డాక్టరు చేతికి ఇవ్వాలి.