జంగిల్ కార్బైన్: ఒక కేజీ తగ్గిస్తే ఏమైంది?

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను చేశాను. గంటసేపు రైఫిల్‌తో పరేడ్ చేస్తే భుజం పడే బాధ నాకింకా గుర్తుంది. అదే బరువుతో బర్మా అడవిలో వానలో, బురదలో, కొండెక్కాలంటే? ఈరోజు కథ అక్కడే మొదలవుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి అడవిలో మోయడానికి పొట్టి, తేలిక రైఫిల్ కావాలి. కొత్తది డిజైన్ చేసే టైం లేదు. ఉన్నదాన్నే చెక్కాలి. మరి దేన్ని?

వాళ్ల ముందు రెండున్నాయి. ఒకటి పాత ఎస్.ఎం.ఎల్.ఈ. మన బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది, భారత సైనికుల చేతుల్లో ఉన్నది ఎక్కువగా అదే. రెండోది కొత్త నంబర్ 4. బ్రిటన్ తీసుకుంది నంబర్ 4నే. కారణం సింపుల్. అక్కడి ఫ్యాక్టరీల్లో అప్పటికే వేలకొద్దీ తయారవుతోంది, తూటా అదే పాయింట్ 303, సైనికుడికి మళ్లీ ట్రైనింగ్ అక్కర్లేదు. ఆస్ట్రేలియా మాత్రం తన దగ్గరున్న ఎస్.ఎం.ఎల్.ఈ.నే చెక్కి చూసింది. అది నమూనాల దగ్గరే ఆగిపోయింది.

ఇక చెక్కుడు చూడండి. బ్యారెల్ పొట్టి చేశారు, ముందున్న కర్ర కోసేశారు, బోల్ట్ పిడికి కూడా లోపల బోలు చేశారు! బోల్ట్‌ని పట్టుకుని ఉండే ఉక్కు భాగం, అదే రిసీవర్, దాని మీద కూడా లోహం గీకేశారు. సుమారు 4.1 కేజీల రైఫిల్ 3.2 కేజీలైంది. పొడవు 5 అంగుళాలు తగ్గింది. 1944లో తయారీ మొదలైంది. అసలు పేరు నంబర్ 5 మార్క్ 1. జంగిల్ కార్బైన్ అన్నది జనం పెట్టిన పేరు.

కానీ తూటా మాత్రం తగ్గలేదు కదా! పొట్టి బ్యారెల్ నుంచి మంట భగ్గున బయటికొచ్చేది. చీకట్లో శత్రువుకి మనమెక్కడున్నామో చెప్పేసినట్టే. అందుకే మూతికి గరాటాలాంటిది బిగించారు. ఇక తన్నుడు సంగతి. బట్‌కి రబ్బరు ప్యాడ్ పెట్టారు, కానీ అది సన్నగా ఉండి దెబ్బంతా ఒకేచోట పడేది. రబ్బరు పాతబడి గట్టిపడితే ఇంకా ఘోరం. నన్నడిగితే ఆ ప్యాడ్ లేకపోయినా బాగుండేది.

వీటన్నిటికంటే పెద్ద కంప్లైంట్ వేరే ఉంది. గురి నిలవడం లేదన్నారు. ఇవాళ సరిచేసిన సైట్, రేపు కాలిస్తే తూటా ఇంకోచోట. ప్రాణం దాని మీదే పెట్టుకున్నవాడికి అంతకంటే భయం ఏముంటుంది? రిసీవర్ మీద లోహం తీసేయడం వల్లే అది వంగుతోందని ఎక్కువమంది అన్నారు. అసలు ఆ లోపం అందరూ అన్నంత ఉందా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. నాకైతే రిసీవర్ జోలికి వెళ్లడమే తప్పనిపిస్తుంది. కర్ర, బ్యారెల్ దగ్గర ఆగాల్సింది. అప్పుడు తగ్గే బరువు కొంచెం తక్కువ ఉండేది, అంతే.

1947లో తయారీ ఆపేశారు. అయినా విచిత్రం చూడండి, 1948లో మలయాలో గెరిల్లా పోరు మొదలైతే, అక్కడి అడవుల్లో సైనికులు మోసింది దీన్నే. అక్కడ శత్రువు కనిపించేది చాలావరకు దగ్గర్లోనే. అంత దూరానికి గురి కాస్త అటూ ఇటూ అయినా సరిపోయేది, భుజం మీద మాత్రం దాదాపు ఒక కేజీ తక్కువ.