వ్యాక్సిన్ కంపెనీల బాస్‌లు ఏం చదివారు? ఒకరిది ఎలక్ట్రానిక్స్.. ఒకరిది వ్యవసాయం.. ఒకరిది బిజినెస్!

టీకాలు తయారుచేసే కంపెనీ అంటే దాన్ని నడిపేది డాక్టరో, సైంటిస్టో అయి ఉంటారని చాలామంది అనుకుంటారు. కానీ హైదరాబాద్ నుంచి దేశ విదేశాలకు వ్యాక్సిన్లు పంపిన మూడు పెద్ద కంపెనీలను చూస్తే సీన్ వేరేలా ఉంటుంది. శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ.. ఈ మూడింటినీ ముందుండి నడిపినవాళ్లు మూడు వేర్వేరు దారుల్లో వచ్చారు. మరి ఎవరి బ్యాక్‌గ్రౌండ్ ఏంటి? టీకా క్వాలిటీకి బాస్ డిగ్రీకి సంబంధం ఉందా? ఓసారి చూద్దాం.

బ్యాటరీల నుంచి టీకాలకు..

శాంతా బయోటెక్నిక్స్ ఫౌండర్ కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్వస్థలం నెల్లూరు జిల్లా. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్. రక్షణ శాఖకు చెందిన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేశారు. తర్వాత బ్యాటరీల కంపెనీలో భాగస్వామి అయ్యారు. అంటే బయాలజీతో ఏ సంబంధమూ లేదు. 1992లో జెనీవాలో జరిగిన ఓ సదస్సులో హెపటైటిస్-బి సమస్య గురించి విన్నారు. అప్పట్లో ఆ టీకా విదేశాల నుంచే రావాలి, ఒక్కో డోసుకు వందల రూపాయలు పెట్టాలి. 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద కంపెనీ పెట్టారు. తనకు తెలియని సైన్స్ కోసం సైంటిస్టులను తెచ్చుకున్నారు. మొదట్లో ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధన సాగింది. 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా 'శాన్‌వాక్-బి' మార్కెట్లోకి వచ్చింది. దాంతో ఈ టీకా ధర సామాన్యుడికి అందే స్థాయికి దిగింది. 2009లో ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ చేతికి శాంతా వెళ్లింది.

పొలం చదువు.. పీహెచ్‌డీ దాకా

భారత్ బయోటెక్ ఫౌండర్ కృష్ణ ఎల్లాది తమిళనాడులోని తిరుత్తణి ప్రాంతం. రైతు కుటుంబం. చదివింది వ్యవసాయ శాస్త్రం. బేయర్ కంపెనీ వ్యవసాయ విభాగంలో ఉద్యోగం చేశారు. స్కాలర్‌షిప్‌పై అమెరికా వెళ్లి హవాయిలో మాస్టర్స్, విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. సౌత్ కరోలినాలోని మెడికల్ యూనివర్సిటీలో పనిచేసి ఇండియాకు తిరిగొచ్చారు. 1996లో భార్య సుచిత్ర ఎల్లాతో కలిసి హైదరాబాద్‌లో కంపెనీ మొదలుపెట్టారు. సుచిత్రది సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ కాదు.. ఆర్థిక శాస్త్రం, మేనేజ్‌మెంట్ వైపు నుంచి వచ్చారు. ఒకరు ల్యాబ్, మరొకరు వ్యాపారం అన్నట్టు పని పంచుకున్నారు. రోటావైరస్ టీకా రోటావాక్, టైఫాయిడ్ టీకా టైప్‌బార్, కొవిడ్ టీకా కొవాగ్జిన్ ఇక్కడివే. 2022లో ఈ దంపతులిద్దరికీ కలిపి పద్మభూషణ్ ప్రకటించారు.

బిజినెస్ డిగ్రీతో పగ్గాలు

బయోలాజికల్ ఇ 1953 నాటి కుటుంబ సంస్థ. ప్రస్తుత మేనేజింగ్ డైరెక్టర్ మహిమా దాట్ల లండన్‌లో బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివారు. కొవిడ్ టైమ్‌లో ఆమె ముందున్నది ల్యాబ్ ప్రశ్న కన్నా రిస్క్ ప్రశ్న. కోర్బెవాక్స్ టీకా ఫార్ములాకు మూలం అమెరికాలోని టెక్సాస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్. దాన్ని భారీ ఎత్తున తయారుచేసే బాధ్యత బయోలాజికల్ ఇ తీసుకుంది. 30 కోట్ల డోసుల కోసం కేంద్రం 1,500 కోట్ల రూపాయలు అడ్వాన్స్ ఇస్తామని 2021 జూన్‌లో ప్రకటించింది. అప్పటికి ఆ టీకాకు ఇంకా అనుమతి రాలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. 2022 మార్చి నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు.

మరి చట్టం ఏం అడుగుతుంది?

ఇక్కడే చాలామందికి తెలియని పాయింట్ ఉంది. మేనేజింగ్ డైరెక్టర్ ఫలానా డిగ్రీ చదవాలని డ్రగ్స్ రూల్స్ చెప్పవు. కానీ టీకా తయారీని దగ్గరుండి చూసే టెక్నికల్ స్టాఫ్‌కు మాత్రం ఫార్మసీ, సైన్స్, మెడిసిన్ లాంటి డిగ్రీతో పాటు తయారీలో అనుభవం ఉండాల్సిందే. ఇంకో కండిషన్ కూడా ఉంది. క్వాలిటీ కంట్రోల్ హెడ్ ప్రొడక్షన్ విభాగం కింద ఉండకూడదు. సరుకు తొందరగా పంపాలన్న ఒత్తిడి, సరుకు బాగుందా లేదా అన్న నిర్ణయం ఒకే చేతిలో ఉండొద్దన్నది దీని ఉద్దేశం. వీటికి తోడు టీకా బ్యాచ్‌లను కసౌలిలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీ కూడా పరీక్షిస్తుంది.

ఈ సీట్లు ఎంత కీలకమో రెండు సంఘటనలు చెబుతాయి. 2010లో శాంతా తయారుచేసిన ఐదు వ్యాధుల టీకా 'శాన్-5' సీసాల్లో తెల్లటి మడ్డి కనిపించింది. ఊపినా కలవలేదు. దీంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను తన ఆమోదిత లిస్టు నుంచి తీసేసింది. మళ్లీ లిస్టులోకి రావడానికి 2014 దాకా పట్టింది. అప్పటికే ఆ కంపెనీ వెనక సనోఫీ లాంటి దిగ్గజం ఉంది. ఇక 2022 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా కొవాగ్జిన్ సరఫరాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపింది. ప్లాంట్ తనిఖీలో తయారీ ప్రమాణాల విషయంలో లోపాలు కనిపించడమే కారణం. టీకా పనితీరుపై, భద్రతపై మాత్రం అనుమానం లేదని అదే ప్రకటనలో చెప్పింది.

అంటే సైంటిస్టు పెట్టిన కంపెనీకైనా, ఇంజినీర్ పెట్టిన కంపెనీకైనా చిక్కు వచ్చింది తయారీ దగ్గరే. ఫౌండర్ ఏం చదివారన్నది ఆ కంపెనీ ఎలా పుట్టిందో చెబుతుంది. సీసాలో ఉన్న మందు సంగతి మాత్రం ప్రొడక్షన్, క్వాలిటీ, రెగ్యులేటరీ టీమ్‌ల చేతిలోనే ఉంటుంది.

అందుకే ఏదైనా బయోటెక్ కంపెనీ గురించి తెలుసుకోవాలంటే చైర్మన్ ప్రొఫైల్ దగ్గరే ఆగిపోవద్దు. క్వాలిటీ ఎవరు చూస్తున్నారు, వాళ్ల అనుభవం ఎంత, వాళ్లు ఎవరికి రిపోర్ట్ చేస్తారన్నది కూడా చూడాలి. బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివే స్టూడెంట్స్‌కూ ఇది పనికొచ్చే విషయమే. కంపెనీ పెట్టకపోయినా, బ్యాచ్ బయటికి వెళ్లాలా వద్దా అని తేల్చే సీటుకు దారి ఆ డిగ్రీల నుంచే మొదలవుతుంది.